సిస్టమ్ ఊరికే హ్యాంగ్ అవుతుంటే ఫార్మాట్ కొట్టేముందు ఇవి చూడండి

కంప్యూటర్ హ్యాంగ్ అవుతోంది అని నోరు తెరవగానే పక్కనున్న ఎవరైనా అనే మొదటి మాట, ఫార్మాట్ కొట్టెయ్. నేనూ అదే బాపతు. ఒకప్పుడు నా డెస్క్‌టాప్‌కి ఒకే నెలలో రెండుసార్లు విండోస్ మళ్ళీ ఎక్కించా, డ్రైవర్లు (ఒక్కో పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాములు), సాఫ్ట్‌వేర్లు, పాస్‌వర్డ్‌లు అన్నీ మళ్ళీ మొదట్నుంచి, రెండు ఆదివారాలు దానికే పోయాయి, ఎక్కించిన మూడో రోజుకి మళ్ళీ అదే బిగుసుకుపోవడం. చివరికి దొరికిన దొంగ ఎవరయ్యా అంటే లోపల జానెడు పొడుగున్న ఒక కేబుల్. ఆ సంగతి కింద చెప్తా. అప్పట్నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే, ముందు రోగం హార్డ్‌వేర్‌దా సాఫ్ట్‌వేర్‌దా తేల్చుకో, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. ఫార్మాట్ అనేది సాఫ్ట్‌వేర్ రోగానికి మందు, హార్డ్‌వేర్ పోతే వందసార్లు కొట్టినా ఏం ఒరగదు.

రాసేదంతా విండోస్ 10, 11 ఉన్న ఇంటి కంప్యూటర్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది, అయినా ఇంకా చాలామంది వాడుతూనే ఉన్నారు, టెస్టులు మాత్రం రెండిట్లోనూ దాదాపు అవే.

మొదలుపెట్టే ముందు రెండు పనులు చేయండి. మొదటిది, ఫొటోలు, డాక్యుమెంట్లు, పోతే మళ్ళీ దొరకనివి ఏవైతే ఉన్నాయో అవి బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసేయండి, రేపు చూద్దాం అనుకోకుండా ఇప్పుడే. డిస్క్ పోయే దశలో ఉంటే మీరు చేసే ప్రతి టెస్టూ దాన్ని ఇంకాస్త అరగదీసేదే, స్కానింగ్ సగంలో ఉండగా డ్రైవ్ కన్నుమూస్తే అప్పుడు ఏడ్చి లాభం లేదు. రెండోది ఒక కాగితం. హ్యాంగ్ అయిన ప్రతిసారీ టైమ్, అప్పుడు ఏం చేస్తున్నారు, ఏం కనిపించింది, ఈ మూడు ముక్కలు రాసి పెట్టుకోండి. ఇంకోటి, ఒకసారికి ఒక్కటే మార్చండి. ర్యామ్ (పని జరుగుతుండగా డేటా పట్టుకునే మెమరీ ముక్క) ఊడదీసి తుడిచి, అదే ఊపులో గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చి, యాంటీవైరస్ తీసేసి, అప్పుడు బాగైపోయింది అనుకోండి, దేనివల్ల బాగైందో మీకూ తెలీదు, వచ్చే నెల మళ్ళీ వస్తే మళ్ళీ అన్నీ చేయాల్సిందే.

ఎలా బిగుసుకుంటోందో చూడండి

హ్యాంగ్ అనే మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. ఈసారి స్క్రీన్ ఆగిపోగానే పవర్ బటన్ మీద చెయ్యి వేయకండి. మౌస్ కదుల్తోందా చూడండి. కీబోర్డ్ మీద క్యాప్స్ లాక్ నొక్కండి, దాని లైట్ వెలిగి ఆరుతోందా? వెలిగి ఆరుతోంది అంటే లోపల విండోస్ ప్రాణంతోనే ఉంది, పైన ఏదో ప్రోగ్రామో, డిస్కో, గ్రాఫిక్సో ఇరుక్కుంది. లైట్ కూడా ఉలుకూ పలుకూ లేకుండా ఉంది, పాట వింటుంటే స్పీకర్‌లోంచి ఒకే ముక్క టటటటట అని ఆగకుండా వస్తోంది అంటే మాత్రం మొత్తం సిస్టమే గడ్డకట్టేసింది, అలాంటివి ఎక్కువగా ర్యామ్, వేడి, పవర్ సప్లై, లేకపోతే చెడిపోయిన డ్రైవర్ దగ్గర తేల్తాయి.

లైట్ వెలుగుతుంటే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి ఒకసారి నొక్కండి. ఇది గ్రాఫిక్స్ డ్రైవర్‌ని మాత్రం రీస్టార్ట్ చేస్తుంది, స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి బీప్ అని తిరిగొస్తుంది. దీంతో ప్రాణం లేచొచ్చిందంటే అనుమానం గ్రాఫిక్స్ మీద. ఈ షార్ట్‌కట్ తెలియకే చాలామంది సేవ్ చేయని పని పోగొట్టుకుంటారు, నేను తెలుసుకున్నదీ ఆలస్యంగానే.

ఇక ఎప్పుడు బిగుసుకుంటోంది అన్నది. గేమ్ ఆడుతుంటేనో వీడియో ఎడిట్ చేస్తుంటేనో, అదీ మొదలుపెట్టిన పది పదిహేను నిమిషాలకి అయితే వేడి గానీ పవర్ గానీ. ఏమీ చేయకుండా వదిలేసి లేచి వెళ్ళి తిరిగొచ్చేసరికి చచ్చిపోయి ఉంటే స్లీప్, పవర్ సేవింగ్ సెట్టింగులు, లేదా డ్రైవర్. ఫోల్డర్ తెరవగానే ఆ పచ్చగీత పైన నిదానంగా పాకుతూ అక్కడే ఆగిపోతుంటే డిస్క్. ఒక్క బ్రౌజర్ తెరిచినప్పుడే అయితే సిస్టమ్‌ని తిట్టకండి, బ్రౌజర్‌ని చూడండి. ఆన్ చేసిన మొదటి పది నిమిషాలే నత్తనడక, తర్వాత బాగానే ఉంది అంటే స్టార్టప్‌లో లేచే ప్రోగ్రాముల గుంపు, అప్‌డేట్లు. ఇవి పక్కా రూల్స్ కాదు, కానీ వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాయి.

షట్‌డౌన్ చేసినా షట్‌డౌన్ కాదు

ఇది చాలామందికి తెలీదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది, మీరు షట్‌డౌన్ కొడితే మీ ప్రోగ్రాములు మూస్తుంది గానీ విండోస్ గుండెకాయని మాత్రం అలాగే డిస్క్ మీద రాసి పెట్టుకుని, మళ్ళీ ఆన్ చేసినప్పుడు దాన్నే లేపుతుంది. అంటే రోజూ రాత్రి ఆఫ్ చేస్తున్నా లోపల పేరుకున్న గందరగోళం వారాల తరబడి అలాగే ఉండొచ్చు. టాస్క్ మేనేజర్‌లో (ఎలా తెరవాలో కింద చెప్తా) పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర అప్ టైమ్ అని ఉంటుంది చూడండి, రోజూ ఆఫ్ చేస్తున్నాం అనేవాళ్ళకి కూడా అక్కడ 20 రోజులు, 30 రోజులు అని కనిపిస్తే అదే కారణం. రీస్టార్ట్ కొడితే మాత్రం నిజంగా మొదట్నుంచి లేస్తుంది. కాబట్టి ముందు ఒకసారి రీస్టార్ట్ కొట్టి చూడండి. చిన్న విషయమే, కానీ దీంతో తీరిపోయే కేసులు తక్కువేం కాదు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయొచ్చు కూడా, నేను తీసేసే వాడతా.

టాస్క్ మేనేజర్

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వస్తుంది. హ్యాంగ్ అయ్యాక తెరవడం కష్టం కాబట్టి ముందే తెరిచి ఓ మూలన పెట్టుకుని మీ పని చేసుకోండి. సీపీయూ, మెమరీ, డిస్క్ అని నిలువు వరసలు ఉంటాయి, పైన పేరు మీద నొక్కితే ఎక్కువ తినేవాడు పైకొస్తాడు.

మెమరీ 90 శాతం దాటి కూర్చుంటే విండోస్ మిగతాదంతా డిస్క్ మీదకి తోసేస్తుంటుంది, అప్పుడు డిస్క్ పాతకాలం హార్డ్ డిస్క్ అయితే ఇక చెప్పక్కర్లేదు. 4 జీబీ ర్యామ్‌తో ఇరవై ట్యాబులు తెరిచి హ్యాంగ్ అవుతోంది అంటే అది రోగం కాదు, ఆకలి.

అసలు చూడాల్సింది డిస్క్. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ మీద నొక్కి రెండు అంకెలు పక్కపక్కన చూడండి, యాక్టివ్ టైమ్ ఎంత, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ ఎంత. పెద్ద ఫైల్ కాపీ అవుతున్నప్పుడు యాక్టివ్ టైమ్ 100 శాతం ఉండటం మామూలే. కానీ నా డెస్క్‌టాప్‌లో నేను చూసింది ఇదీ: యాక్టివ్ టైమ్ 100 శాతం, చదువుతున్న స్పీడ్ సున్నా, రాస్తున్న స్పీడ్ సున్నా, రెస్పాన్స్ టైమ్ మాత్రం వేల మిల్లీసెకన్లు. అంటే విండోస్ ఏదో అడిగింది, డిస్క్ జవాబివ్వట్లేదు, విండోస్ గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తోంది. ఆరోగ్యంగా ఉన్న ఎస్ఎస్‌డీకి (తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌లతో నడిచే డిస్క్) ఈ అంకె మామూలుగా ఒకట్లలో ఉంటుంది, హార్డ్ డిస్క్‌కి పదుల్లో. వేలల్లోకి వెళ్ళి అక్కడే ఉండిపోతే డిస్క్‌నో దాని దారినో అనుమానించాల్సిందే.

ఆ కేబుల్ సంగతి

అప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ వేశా. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం గురించి తనే లెక్క రాసుకుంటుంది, దాన్ని స్మార్ట్ అంటారు, ఈ సాఫ్ట్‌వేర్ ఆ లెక్క చూపిస్తుంది. పైన గుడ్ అని నీలం రంగులో ఉంటే చాలు అనుకుని మూసేయకండి, కింద పట్టీ చూడండి. హార్డ్ డిస్క్ అయితే నాలుగు వరసలు ముఖ్యం. 05 అంటే చెడిపోయి పక్కన పెట్టేసిన సెక్టార్లు, అంటే డిస్క్‌లో డేటా దాచే గళ్ళు. సీ5 అంటే చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం ఎదురుచూస్తున్నవి. సీ6 అంటే ఇక బాగుచేయలేనివి. ఈ మూడిట్లో అంకె సున్నా కాకుండా ఉండి, వారం వారం పెరుగుతుంటే డిస్క్‌కి నీళ్ళొదిలేయండి, కొత్తది తెచ్చుకోండి, రిపేర్ గిపేర్ అని ఆశ పెట్టుకోకండి. ఎన్‌వీఎమ్‌ఈ (స్పీడ్ ఎక్కువుండే రకం) ఎస్ఎస్‌డీ అయితే ఈ వరసలు ఉండవు, పర్సెంటేజ్ యూజ్డ్, అవైలబుల్ స్పేర్, మీడియా ఎర్రర్స్ అని ఉంటాయి, మీడియా ఎర్రర్స్ సున్నాగా ఉండాలి. ఒక్క జాగ్రత్త, అక్కడి రా వాల్యూస్ మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది, మధ్యలో అక్షరాలు చూసి బెంబేలు పడకండి, మెనూలో డెసిమల్‌కి మార్చుకోవచ్చు.

నాలుగోది సీ7, సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్. నా డిస్క్‌లో మొదటి మూడూ సున్నా, ఇది మాత్రం నాలుగంకెల్లో ఉంది. ఈ సీ7 చెప్పేది డిస్క్ గురించి కాదు, డిస్క్‌కీ మదర్‌బోర్డ్‌కీ (అన్నీ తగిలించే లోపలి పెద్ద బోర్డు) మధ్య దారి గురించి. డేటా వచ్చేలోపు దారిలో చెడిపోతోంది, మళ్ళీ పంపు మళ్ళీ పంపు అని అడుక్కుంటోంది, ఆ అడుక్కునే సమయమే మనకి హ్యాంగ్. అంకె రాసుకుని, ఓ గంట వాడి చూస్తే ఇంకో ముప్ఫై పెరిగింది. సిస్టమ్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, ఆ రెండిటినీ కలిపే సాటా కేబుల్ బయటికి తీస్తే ఒక చివర మూత ఒత్తుకుపోయి కొంచెం పగిలి ఉంది, బహుశా నేనే ఎప్పుడో క్యాబినెట్ తలుపు బలవంతంగా మూసినప్పుడు. కొత్త కేబుల్ పెట్టా, అంతే. ఆ అంకె వెనక్కి తగ్గదు, జీవితాంతం అలాగే ఉంటుంది, కాకపోతే పెరగడం ఆగిపోవాలి. ఆగిపోయింది. రెండుసార్లు ఎక్కించిన విండోస్ పాపం ఏ తప్పూ చేయలేదు.

డిస్క్ మీద అనుమానం ఉన్నప్పుడు చాలామంది ముందుగా చెక్ డిస్క్ (విండోస్‌లోనే ఉండే డిస్క్ స్కాన్) కొట్టేస్తారు, అది తప్పు వరస. కాపీ ముందు, చెక్ డిస్క్ తర్వాత, ఎందుకంటే చావుబతుకుల్లో ఉన్న డ్రైవ్‌ని ఆ స్కాన్ మొదట్నుంచి చివరిదాకా పరిగెత్తిస్తుంది.

విండోస్ రాసుకునే డైరీ

స్టార్ట్‌లో రిలయబిలిటీ అని టైప్ చేస్తే రిలయబిలిటీ హిస్టరీ అని వస్తుంది. రోజువారీ గీత, ఎక్కడ ఏం కూలిందో అక్కడ ఎర్ర ఇంటూ గుర్తు. ఎర్ర గుర్తులు ఏ తేదీ నుంచి మొదలయ్యాయో చూసి, ఆ రోజు లేదా ముందు రోజు ఏం ఇన్‌స్టాల్ అయిందో అక్కడే చూడొచ్చు. నా దృష్టిలో ఇంత పనికొచ్చే పేజీని ఇంత లోపల దాచిపెట్టడం అన్యాయం.

ఇంకా లోతుకి వెళ్ళాలంటే ఈవెంట్ వ్యూయర్, విండోస్ లాగ్స్, సిస్టమ్. అక్కడ ఎర్రగా కర్నెల్ పవర్ 41 కనిపించగానే పవర్ సప్లై పోయిందని తీర్మానించేసేవాళ్ళు చాలామంది. కాదు. సిస్టమ్ పద్ధతిగా మూతపడకుండా ఆగిపోయింది అని మాత్రమే దానర్థం, మీరు బటన్ పట్టుకుని ఆపినా అదే రాస్తుంది. దానికి ముందు ఏముందో చూడండి. డిస్క్ అనే పేరుతో 7 ఉంటే బ్యాడ్ బ్లాక్, అంటే డిస్క్‌లో చెడిపోయిన చోటు, 153 ఉంటే డిస్క్‌కి ఇచ్చిన పని మళ్ళీ మళ్ళీ ఇవ్వాల్సి వచ్చిందని, స్టోర్‌ఏహెచ్‌సీఐ లాంటి స్టోరేజ్ డ్రైవర్ పేరుతో 129 ఉంటే జవాబు రాక డిస్క్ లింకుని రీసెట్ చేశారని. డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ అని ఉంటే హార్డ్‌వేరే స్వయంగా ఫిర్యాదు చేసిందన్నమాట, ప్రాసెసర్, ర్యామ్, స్లాట్ ఇలాంటివాటి మీద. మీ కాగితం మీద రాసుకున్న టైమ్ పనికొచ్చేది ఇక్కడే, లేకపోతే ఆ వందల వరసల్లో ఏది మనదో తెలీదు.

నీలి స్క్రీన్ వస్తే (2025 నుంచి విండోస్ 11లో అది నల్లగా మారింది) కింద ఉన్న స్టాప్ కోడ్ ఫొటో తీసుకోండి. ప్రతిసారీ ఒకే కోడ్, అదీ ఫలానా డ్రైవర్ ఫైల్ పేరుతో సహా వస్తుంటే ఆ డ్రైవర్‌ని పట్టుకోండి. ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి, పొంతన లేకుండా వస్తుంటే ర్యామ్ మీద నా అనుమానం.

ర్యామ్, వేడి, పవర్

ర్యామ్ చెడిపోతే సిస్టమ్ పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది, జిప్ ఫైల్ తెరిస్తే పాడైంది అంటుంది, రెండోసారి తెరిస్తే బాగానే వస్తుంది, బ్రౌజర్ ట్యాబ్ కారణం లేకుండా కూలుతుంది. విండోస్‌లో మెమరీ డయాగ్నస్టిక్ ఉంది, పర్లేదు, కానీ నేను నమ్మేది మెమ్‌టెస్ట్86. పెన్‌డ్రైవ్‌లో వేసి దాంట్లోంచి బూట్ చేసి రాత్రంతా వదిలేయండి, ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌ల దాకా చేస్తుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, ఒకటే కదా అని సర్దుకోకండి. బయాస్‌లో (విండోస్ లేవకముందే తెరుచుకునే సెట్టింగుల పేజీ) ఎక్స్‌ఎంపీ ఆన్ ఉంటే ముందు దాన్ని ఆపి మళ్ళీ టెస్ట్ చేయండి, ర్యామ్‌ని దాని మామూలు స్పీడ్ కన్నా పైకి తోలేది అదే. అప్పుడూ ఎర్రర్లు వస్తే రెండు స్టిక్కుల్లో ఒక్కొక్కటీ విడిగా పెట్టి టెస్ట్ చేస్తే ఏది పోయిందో, లేక స్లాటే పోయిందో తెలిసిపోతుంది. ఒక్కోసారి ఊడదీసి మళ్ళీ టక్కున సరిగ్గా కూర్చోబెట్టడంతోనే కథ ముగుస్తుంది.

వేడికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 35 నుంచి 50 డిగ్రీలు, బరువు పడితే 70, 80 అయితే కంగారు లేదు. చాలా ప్రాసెసర్లు 95, 100 దగ్గరికి రాగానే కాలకుండా ఉండటానికి వాటంతట అవే స్పీడ్ తగ్గించుకుంటాయి, మనకి అది నత్తనడకగా కనిపిస్తుంది, ఇంకా పెరిగితే టక్కున ఆఫ్. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లు కొన్ని బరువు పడితే 95 దాకా వెళ్ళేలాగే తయారుచేశారు, వాటి విషయంలో ఆ అంకె ఒక్కటే చూసి భయపడొద్దు. ఏమీ చేయకుండానే 80 దాటితే మాత్రం మూత విప్పాల్సిందే. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని ఊదండి, గాలికి అది గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. వాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, స్టాటిక్ కరెంట్‌తో బోర్డ్ పోవచ్చు. ఐదారేళ్ళ సిస్టమ్ అయితే ప్రాసెసర్ మీద, దాని వేడిని కూలర్‌కి అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, తుడిచేసి బఠాణీ గింజంత కొత్తది పెడితే చాలు.

పవర్ సప్లైని ఇంట్లో టెస్ట్ చేయడం కష్టం. గేమ్ మొదలవగానే ఆఫ్ అవడం, టెంపరేచర్ బాగానే ఉన్నా బరువు పడగానే రీస్టార్ట్ అవడం దాని లక్షణాలు. ఇంకో మంచిది ఎవరిదగ్గరైనా తెచ్చి మార్చి చూడటమే దారి. ఆ డబ్బా మూత మాత్రం విప్పకండి, ప్లగ్ పీకినా లోపల కెపాసిటర్లు ప్రమాదకరమైన కరెంట్ పట్టుకుని ఉంటాయి. మదర్‌బోర్డ్ మీద గుండ్రటి కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉందా ఉబ్బిందా అన్నది మాత్రం కళ్ళతో చూడొచ్చు, ఉబ్బితే బోర్డ్ పని అయిపోయినట్టే.

రెండు ముక్కలుగా విడగొట్టే టెస్ట్

ఇంత తంటా ఎందుకు, ఒక్క దెబ్బతో హార్డ్‌వేరో సాఫ్ట్‌వేరో తేలిపోవాలి అంటే ఉబుంటు లాంటి లినక్స్‌ని (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అనే ఆప్షన్‌తో దాంట్లోంచే నడపండి. మీ విండోస్‌ని ముట్టుకోదు. రెండు మూడు గంటలు వీడియోలు చూడండి, ట్యాబులు తెరవండి. అక్కడా బిగుసుకుంటే విండోస్ తప్పు లేదు, హార్డ్‌వేర్‌లో వెతకండి. అక్కడ హాయిగా నడిస్తే విండోస్ వైపో, దాని డ్రైవర్ల వైపో మొగ్గు. డిస్క్ సంగతి మాత్రం దీంతో పూర్తిగా తేలదు, పెన్‌డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు లోపలి డిస్క్‌తో పని పడదు కదా, దానికి పైన చెప్పిన స్మార్ట్ లెక్కే.

విండోస్ లోపలే అయితే సేఫ్ మోడ్. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4. దీనికి ముందు మీ బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ ఎక్కడుందో చూసుకోండి, మామూలుగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, కొన్ని సిస్టమ్‌లు మధ్యలో 48 అంకెలు అడిగి కూర్చుంటాయి, అప్పుడు వెతుక్కోవడం నరకం. సేఫ్ మోడ్‌లో కనీసపు డ్రైవర్లే లేస్తాయి, అక్కడ బాగుంటే బయట లేచేవాటిలోనే ఎవడో ఒకడు.

వాణ్ని పట్టుకోడానికి క్లీన్ బూట్. స్టార్ట్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అని టైప్ చేసి తెరిచి, సర్వీసెస్‌లో ముందు మైక్రోసాఫ్ట్‌వి దాచేయమనే టిక్ పెట్టండి, ఇది మర్చిపోతే విండోస్‌వే ఆపేసుకుంటారు, మిగిలినవన్నీ ఆపండి, టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్‌వి కూడా. రీస్టార్ట్. బాగుందా? ఇప్పుడు సగం ఆన్ చేయండి. మళ్ళీ హ్యాంగ్ అయితే దొంగ ఈ సగంలో ఉన్నాడు, లేకపోతే ఆ సగంలో. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయండి. ముప్ఫై సర్వీసులున్నా ఐదు రీస్టార్టులకి ఒక్కడు మిగుల్తాడు. నాకు ఇలా దొరికినవాటిలో ఎక్కువ భాగం కీబోర్డ్ లైట్లు మార్చే సాఫ్ట్‌వేర్లు, ప్రింటర్‌తో పాటు వచ్చే చెత్త, ఇంకా ఒకేసారి రెండు యాంటీవైరస్‌లు. ఈ చివరిది మరీ ఘోరం, ప్రతి ఫైల్‌నీ ఇద్దరూ పట్టుకుని లాగుతుంటారు. ఒకటి తీసేయండి, విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఒక్కటే ఇంటికి సరిపోతుంది.

మొన్న వచ్చిన డ్రైవర్ అప్‌డేట్ తర్వాతే మొదలైందంటే డివైస్ మేనేజర్‌లో దాని ప్రాపర్టీస్, డ్రైవర్, రోల్ బ్యాక్. సీ డ్రైవ్‌లో ఎర్ర గీత కనిపిస్తుంటే కనీసం 15, 20 శాతం ఖాళీ చేయండి. విండోస్ ఫైళ్ళే చెడిపోయాయేమో అనిపిస్తే అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు డిస్మ్‌తో రిస్టోర్‌హెల్త్ కమాండ్ (DISM /Online /Cleanup-Image /RestoreHealth), అది అయ్యాక ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow), ఈ వరసలోనే, ఎందుకంటే ఎస్‌ఎఫ్‌సీ బాగుచేయడానికి వాడే సరుకుని డిస్మ్ సరిచేస్తుంది. బ్రౌజర్ ఒక్కటే అయితే క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే దానికి సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, ఏ ట్యాబో ఏ ఎక్స్‌టెన్షనో తెలిసిపోతుంది.

దయ్యం పట్టినట్టు ఉంటే

మా బాబాయ్ ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, ఎవడో నా లాప్‌టాప్‌లో దూరాడురా, బాణం దానంతటదే పోయి అన్నీ నొక్కేస్తోంది" అన్నాడు, గొంతు వణుకుతోంది.

"ముందు వైఫై ఆపెయ్ బాబాయ్."

"రూటరే పీకేశా. ఇంకా తిరుగుతోంది."

"అయితే హ్యాకర్ కాదులే. లాప్‌టాప్ బల్ల మీద పెట్టి పక్కనుంచి వంగి చూడు, టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బిందా?"

కాసేపు ఏం మాట్లాడలేదు. "అవున్రా. మూత కూడా ఈమధ్య సరిగ్గా పడట్లేదు."

బ్యాటరీ ఉబ్బి కిందనుంచి టచ్‌ప్యాడ్‌ని నొక్కుతోంది. ఇలాంటిది కనిపిస్తే ఛార్జర్ పీకేసి, ఆఫ్ చేసి, ఇక ఆన్ చేయకండి, నొక్కకండి, గుచ్చకండి, నిప్పంటుకునే సరుకు అది, సర్వీస్ సెంటర్లో మార్పించడమే.

డెస్క్‌టాప్‌లో వైర్‌లెస్ మౌస్ గెంతుతుంటే దాని డాంగుల్ (యూఎస్‌బీలో పెట్టే చిన్న రిసీవర్) ఎక్కడ పెట్టారో చూడండి. యూఎస్‌బీ 3 పోర్టులు, వాటికి తగిలించిన డ్రైవ్‌లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పేపర్‌లో చెప్పింది, మౌస్ మాట్లాడేదీ ఆ ఫ్రీక్వెన్సీలోనే. డాంగుల్‌ని ముందువైపు పోర్టులోకో చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుకో మారిస్తే సరి. పేజీ దానంతటదే కిందకి జారుతుంటే కీబోర్డ్‌లో ఏదో బటన్ ఇరుక్కుంది, కీబోర్డ్ పీకి చూడండి. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంటే మౌస్ స్విచ్ అరిగింది, కొత్త మౌస్ కొనుక్కోండి.

ప్రతిసారీ ఆన్ చేయగానే తేదీ ఎన్నో ఏళ్ళ వెనక్కి పోయి, ఏ వెబ్‌సైట్ తెరిచినా సురక్షితం కాదు అని మొరాయిస్తుంటే అది వైరస్ కాదు, మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పితే సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి. మార్చడం రెండు నిమిషాల పని.

నిజంగా వైరస్ అనుమానం ఉంటే విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, రీస్టార్ట్ అయి విండోస్ లేవకముందే వెతుకుతుంది, ఓ పదిహేను నిమిషాలు. ఇక స్క్రీన్ నిండా ఎర్రగా మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నెంబర్‌కి ఫోన్ చేయండి అని అరుస్తూ వచ్చేది ఒట్టి వెబ్ పేజీ. ఫోన్ చేయకండి. ఎస్కేప్ నొక్కి పట్టుకోండి, పోకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేయండి, మళ్ళీ తెరిచినప్పుడు పాత ట్యాబులు తెరవమంటావా అంటే వద్దనండి.

ఇవన్నీ అయ్యాక, ఉబుంటులో బాగానే నడిచింది, స్మార్ట్ శుభ్రంగా ఉంది, మెమ్‌టెస్ట్ పాస్, క్లీన్ బూట్‌లో కూడా హ్యాంగ్ అవుతోంది అన్నప్పుడు ఫార్మాట్ కొట్టండి. కొట్టాక అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకేసారి ఎక్కించేయకండి, ఉత్త విండోస్‌తో రెండు రోజులు వాడి, తర్వాత రోజుకి రెండేసి చొప్పున వేసుకుంటూ రండి, ఆ కాగితం మీద రాసుకుంటూ.